ఉరుముంది, దెబ్బ లేదు

వైశాఖంలో హసన్‌పర్తిలో మా చిన్నమ్మ కొడుకు పెళ్లి. బరాత్ కోసం డీజే బండి మాట్లాడారు. డీసీఎం వెనక 18 అంగుళాల స్పీకర్లున్న బేస్ బాక్సులు నాలుగు, వాటి మీద టాప్‌లు, పక్కన గుడగుడమంటూ జనరేటరు. ఒక జానపద పాటకు రెండు నెలలు రాత్రుళ్లు కూర్చుని నేను చేసిన రీమిక్స్‌ను అక్కడ వేయించాలని నాకంటే పెళ్లికొడుకుకే ఎక్కువ ఉత్సాహం. పెన్‌డ్రైవ్ పట్టుకుని బండెక్కి డీజే అన్నకు ఇచ్చాను. పాట మొదలైంది. డప్పు లూప్ ఒక్కటే వస్తున్నంతసేపు పిల్లలు బాగానే ఎగిరారు. తర్వాత నేను ఊరిస్తూ దాచి పెట్టుకున్న చోటు వచ్చింది. కిక్ (గుద్దినట్టు పడే డ్రమ్ దెబ్బ), బేస్ (లోతైన స్వరాల వరస) రెండూ కలిసి దిగే చోటు. అక్కడ జనం ఇంకా రెచ్చిపోవాలి. రెచ్చిపోలేదు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి గానీ కాళ్లు తడబడ్డాయి. అడుగు ఎక్కడ వేయాలో ఎవరికీ అందలేదు. వీధంతా "బుంయ్... బుంయ్..." అని ఒకటే మూలుగు. పక్కింటి రేకులు గలగలలాడాయి.

డీజే అన్న నా వైపు వంగి చెవిలో అరిచాడు. "తమ్మీ, ఉరుమైతే ఉన్నది. దెబ్బ లేదు." అని వేరే పాటకు మార్చేశాడు.

బాక్సులు బాగా లేవని సర్దిచెప్పుకుందామనుకున్నాను. అంత అదృష్టం కూడా లేదు. ఆయన మార్చిన పాట అవే బాక్సుల్లో, అదే వీధిలో గుండె మీద గుద్దినట్టు దిగింది. చెప్పులు వదిలేసి మరీ ఆడారు.

ఆ మాట మీదే ఈ వ్యాసమంతా. ఎలక్ట్రానిక్ సంగీతం చేసుకునేవాళ్లం ఏ ఇద్దరం కలిసినా చివరికి వచ్చేది ఈ గొడవకే. కిక్ వినిపిస్తే బేస్ పోతుంది, బేస్ పెంచితే కిక్ మునిగిపోతుంది. దీనికి యూట్యూబ్‌లో దొరికే మందులు రెండు. ఒకటి ఈక్యూ, అంటే ఏ స్వరం ఎంత ఉండాలో ఎత్తి దించే పనిముట్టు. కిక్‌కి 50 హెర్ట్జ్ (సెకనుకు 50 అలలు) దగ్గర కొంచెం ఎత్తు, బేస్‌కి అక్కడే కొంచెం కోయి. రెండోది సైడ్‌చెయిన్. కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ను కంప్రెసర్‌తో, అంటే వాల్యూమ్‌ను నొక్కిపట్టే పనిముట్టుతో అణచు. నేను ఆ రెండు మందులూ మోతాదు మించి వేసుకునే ఆ బరాత్‌కు వెళ్లాను. ఇప్పుడు నాకు అర్థమైందేమిటంటే, కిక్‌కీ బేస్‌కీ మధ్య తగాదా ఫ్రీక్వెన్సీ గురించి కాదు, సమయం గురించి. ఒకే చోట ఇద్దరు కూర్చోవడం తప్పు కాదు. ఒకే సమయంలో కూర్చోవడమే తప్పు. కాబట్టి ముందు ముట్టుకోవాల్సింది ఈక్యూ నాబ్ కాదు, కిక్ నిడివి. దాన్ని ముట్టుకోకుండా మిగతావన్నీ చేసేవాళ్లను చూస్తే, నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుంది.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు అంటారు. నిజమే, రెండూ ఒకేసారి ఇమడవు. ఒకటి తీసి ఇంకోటి పెట్టడానికి ఒరకు అభ్యంతరం లేదు.

లెక్క చూద్దాం. నా పాట 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు). అంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సరిగ్గా 500 మిల్లీసెకన్లు. మన తీన్మార్ ఊపు కాబట్టి ఆ దెబ్బ మూడు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క 167 మిల్లీసెకన్లు. నేను వేసుకున్న పద్ధతి ఇది: మొదటి ముక్కలో కిక్, రెండో ముక్కలో ఒక బేస్ స్వరం, మూడో ముక్కలో ఇంకొకటి. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఎవరి వంతు వాళ్లకుంది. మా ఊళ్లో చెరువు కింద నీళ్లు పారించేటప్పుడు నీరటికాడు తూము తీసి ఎవరి మడికి ఎంతసేపో చూసి మళ్లించినట్టు.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు రాత్రి ప్రాజెక్టు తెరిచి, ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో కిక్ వేవ్‌ఫామ్‌ను (అలల బొమ్మను) పెద్దది చేసి చూశాను. అంతకుముందు రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. శాంపిల్ ప్యాక్‌లో (రెడీమేడ్ చప్పుళ్ల మూటలో) వినగానే "అబ్బ, ఏం బరువు" అనిపించింది, లాగి పడేశాను, అంతే. ఇప్పుడు చూస్తే ముందు సన్నటి ముల్లులాంటి క్లిక్. తర్వాత దగ్గర దగ్గరగా మొదలై త్వరత్వరగా వెడల్పయ్యే అలలు. పై నుంచి 50 హెర్ట్జ్ దాకా స్వరం జారడమంటే అదే. దాని తర్వాత ఒకే వెడల్పుతో, మెల్లగా సన్నబడుతూ, పొడుగ్గా సాగే తోక. కర్సర్ పెట్టి కొలిచాను. 430 మిల్లీసెకన్లు. దెబ్బ మొత్తమే 500. అంటే రెండో ముక్కలో బేస్ మొదలయ్యేసరికి కిక్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. మూడో ముక్కలోనూ ఉంది. దానికి తోడు బేస్ స్వరానికి నేను పెట్టిన రిలీజ్, అంటే స్వరం వదిలాక చల్లారే సమయం, 120 మిల్లీసెకన్లు. మూడో ముక్క బేస్ తన గడువు దాటి తర్వాతి కిక్ నెత్తి మీదికి వచ్చి కూర్చుంటోంది. తూము ఎవరూ మూయలేదు. రాత్రంతా నీళ్లు పారి మళ్లన్నీ ఒకటే చెరువైపోయాయి. డీజే అన్న విన్న ఉరుము అదే.

మరి శాంపిల్ ప్యాక్‌లో బాగుందిగా? ఉంటుంది. ఒంటరిగా వింటే పొడుగు కిక్ ఎప్పుడూ బాగుంటుంది. ఒంటరిగా చూస్తే డైనింగ్ టేబుల్ కూడా బాగుంటుంది, మన వంటింట్లో పట్టాలి కదా.

నేను చేసిన పనేమంటే, కిక్ వాల్యూమ్‌ను 150 మిల్లీసెకన్ల దగ్గర ముగిసేలా కోశాను. నిటారుగా కోస్తే టక్కుమని ఇంకో చప్పుడు పుడుతుంది కాబట్టి చివరి 20 మిల్లీసెకన్లు జారుడుగా దించాను. 50 హెర్ట్జ్ అంటే ఒక్కో అలకు 20 మిల్లీసెకన్లు. 150లో ఏడున్నర అలలు పడతాయి. ఇంతేనా అని మొదట భయమేసింది. ఏడున్నర అలలు చాలు. చాలవేమో అనిపించేది కిక్‌ను ఒంటరిగా వింటున్నప్పుడు మాత్రమే. మూడో ముక్కలోని బేస్ స్వరాన్ని తర్వాతి కిక్‌కు కాస్త ముందే ఆగిపోయేలా కుదించాను. ఈక్యూ తీసేశాను. సైడ్‌చెయిన్ తీసేశాను. ప్లే నొక్కాను. రెండు నెలలుగా నేను పెంచుతూ పోయిన బేస్ ఫేడర్‌ను (వాల్యూమ్ మీటను) ఆ రాత్రి మొదటిసారి 4 డెసిబెల్స్ తగ్గించాల్సి వచ్చింది. అడ్డం పోగానే ఉన్నదంతా వినిపించింది.

డప్పు కొట్టేవాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. పరకాల దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు వాన పడ్డ సాయంత్రం డప్పులవాళ్లు వస్తే, ముందు గడ్డీ కాగితాలూ పోగేసి మంట వేసేవాళ్లు. డప్పును ఆ మంటకు చూపిస్తూ తిప్పి తిప్పి కాచేవాళ్లు. మధ్యమధ్యలో వేలితో మీటి వినడం, మళ్లీ కాచడం. మాకు అదొక తమాషా. చెమ్మకు మేకతోలు సడలిపోతే డప్పు "బొద్దు బొద్దు"మంటుంది, ఒక దెబ్బ చప్పుడు ఇంకో దెబ్బలోకి కారిపోతుంది. కాచిన తర్వాత తోలు బిగిసి, చిర్ర పడగానే "టంగ్"మని తేలుతుంది, అక్కడికక్కడే తెగుతుంది. దెబ్బ తెగితేనే సిటికెన పుల్ల కొట్టే సన్నటి దరువులు మధ్యలో వినిపిస్తాయి. ఆ మంట దగ్గర చలి కాచుకుంటూ నిలబడ్డవాణ్ని, ఇన్నేళ్ల తర్వాత సడలిన డప్పులాంటి కిక్‌ను బండెక్కించి పరువు తీసుకున్నాను.

నిడివిని నాబ్‌గా పెట్టడం కొత్త సంగతేమీ కాదు. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లోనే బేస్ డ్రమ్‌కు డికే నాబ్ (దెబ్బ ఎంతసేపు సాగాలో పెట్టేది) ఉంది. 1983లో వచ్చిన 909లోనూ ఉంది. 808 డికేను బాగా తిప్పితే దెబ్బ సాగి సాగి స్వరమైపోతుంది. అమెరికాలో హిప్‌హాప్ వాళ్లు ఆ సాగతీతనే బేస్‌గా వాడుకున్నారు. ట్రాప్ అనే హిప్‌హాప్ శైలిలో 808 అంటే ఇప్పుడు బేస్ అనే అర్థం. అది కూడా ఒక పరిష్కారమే. ఇద్దరి మధ్య తగాదా తీర్చలేకపోతే ఇద్దర్నీ ఒక్కరిని చేసేయడం. 145 బీపీఎంలో పరుగెత్తే సైట్రాన్స్ అనే డాన్స్ సంగీతం వినండి. అక్కడ దెబ్బలో నాలుగో వంతు 103 మిల్లీసెకన్లు. మొదటి పావులో కిక్, మిగతా మూడు పావుల్లో మూడు బేస్ స్వరాలు. ఆ కిక్ 103 దాటి సాగితే పాటంతా బురదే. వాళ్లు కిక్ తోకను మిల్లీసెకన్ల లెక్కన ఎందుకు చెక్కుతారో నాకు హసన్‌పర్తి తర్వాత తెలిసింది.

ఇక ఈక్యూ గురించి. దాని మీద నాకు పగేమీ లేదు, రోజూ వాడతాను. కానీ అడుగు స్వరాల (బాగా లోతైన స్వరాల) దగ్గర అది ఊరికే రాదు. 50 హెర్ట్జ్ దగ్గర సన్నటి బ్యాండ్‌తో 6 డెసిబెల్స్ ఎత్తితే, ఆ ఫిల్టర్ తానే గంటలా కాసేపు మోగుతుంది. ఎంత సన్నగా ఎత్తితే అంతసేపు. అంటే కిక్‌కు పదును పెడుతున్నాననుకుని దాని తోకను ఇంకా సాగదీస్తున్నాను. నేను సరిగ్గా అదే చేశాను. ఉరుముకు ఇంకో ఉరుము కలిపాను.

సైడ్‌చెయిన్ సంగతి వేరు. అది నిజంగానే నీరటికాడి పని చేస్తుంది. కిక్ వచ్చినప్పుడు బేస్ తూము మూస్తుంది, పోగానే తెరుస్తుంది. ఎప్పుడు తెరవాలో చెప్పేది రిలీజ్. నూటికి తొంభై మంది రిలీజ్‌ను చెవికి "పంపింగ్" (బేస్ ఎగసిపడే ఊగుడు) బాగా తగిలే దగ్గర పెట్టి వదిలేస్తారు. కిక్ తోక ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ఆ అంకె ఎలా పెడతాం? కిక్ 430 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు బేస్‌ను నిజంగా పక్కకు తప్పించాలంటే రిలీజ్ కూడా అంత పొడుగ్గా పెట్టాలి. అప్పుడు పాటలో బేస్ ఉన్నట్టే ఉంటుంది, ఉండదు. పొట్టిగా పెడితే బేస్ తిరిగొచ్చి కిక్ తోక మీద పడుతుంది. నేను పన్నెండు డెసిబెల్స్ దాకా అణచి చూశాను. పాట పడవలో కూర్చున్నట్టు ఊగింది, అంతే. కిక్‌ను 150కి కోశాక, మళ్లీ సైడ్‌చెయిన్ పెట్టి 3 డెసిబెల్స్ అణిస్తే సరిపోయింది. అది కూడా మొదటి 60 మిల్లీసెకన్లకే. ఫ్రెంచ్ హౌస్ అనే డాన్స్ సంగీతం చేసేవాళ్లు ఆ ఊగడాన్నే అందం చేసుకున్నారు, అది వాళ్ల ముచ్చట. మన బరాత్‌లో ఊగాల్సింది మనుషులు.

ఇంతవరకూ చదివిన మీకు ఒక అనుమానం రావాలి. రెండు నెలలు విన్నవాడివి, ఈ బురద నీకు వినిపించలేదా? వినిపించలేదు. ఎందుకంటే నా గది నాకు అబద్ధం చెప్పింది, నేను నమ్మాను.

హన్మకొండలో మా ఇంటి మేడ మీది గది. పొడుగు 12 అడుగులు, వెడల్పు 10. బల్లను పొట్టి గోడకు ఆనించి, కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుని కూర్చునేవాణ్ని. అంటే నా తల దాదాపు గది మధ్యలో. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య మొదట నిలిచే అల 47 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ధ్వని వేగాన్ని గది పొడుగుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చేది అదే, ఎవరైనా వేసుకోవచ్చు. ఆ అల గోడల దగ్గర దుమ్ము రేపుతుంది, గది నట్టనడుమ మాత్రం దాదాపు సున్నా. నా పాట శ్రుతి ఎఫ్ షార్ప్. బేస్‌లో ఆ అడుగు స్వరం 46 హెర్ట్జ్ చిల్లర. వెతికి వెతికి గుంటలోనే కుర్చీ వేసుకున్నట్టు, నా పాటలో ఎక్కువసార్లు వచ్చే స్వరం నా కుర్చీ దగ్గర మాత్రం వినిపించేది కాదు. వినిపించట్లేదని పెంచాను. పెంచినా వినిపించట్లేదని ఇంకా పెంచాను. అదే సమయంలో కింద వంటింట్లో మా అమ్మ "ఒరేయ్, స్టాండు మీద గిన్నెలు పడతయ్‌రా" అని అరుస్తోంది. నా ఇంట్లో నిజం చెప్పిన మీటర్ ఆ గిన్నెల స్టాండు ఒక్కటే. దాన్ని నేను విసుక్కున్నాను.

దీన్ని పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. బేస్ స్వరం ఒక్కటే లూప్‌లో పెట్టి, కుర్చీలోంచి లేచి గది మూలకు నడవండి. మూలలో భూకంపం, కుర్చీలో నిశ్శబ్దం అయితే మీ కుర్చీ గుంటలో ఉందన్నమాట. నేను కుర్చీని రెండడుగులు ముందుకు జరిపాను. పూర్తిగా బాగుపడలేదు, కానీ బేస్ ఎంతుందో అంచనా తెలిసింది. ఆ గుంటను ఈక్యూతో పూడ్చలేం. స్పీకర్ ఎంత తోస్తే గోడ అంత తిప్పికొడుతుంది.

రెండో అబద్ధం చెప్పింది రాత్రి. ఎక్కువ పని నాన్న పడుకున్నాకే చేసేవాణ్ని కాబట్టి అప్పుడు వాల్యూమ్ గుసగుసంతే. మన చెవి చిన్న చప్పుళ్లలో అడుగు స్వరాలను సరిగ్గా పట్టించుకోదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కొలిచి గీతలు గీశారు. ఇప్పుడు వాడే ప్రమాణం ప్రకారం 1000 హెర్ట్జ్ చప్పుడు దాదాపు 2 డెసిబెల్స్ ఉన్నా చెవికి ఆనవాలు తెలుస్తుంది. 50 హెర్ట్జ్ చప్పుడు తెలియాలంటే 44 దాకా ఉండాలి. కాబట్టి అర్ధరాత్రి మెల్లగా పెట్టుకుని "సరిపోయింది" అనుకున్న బేస్, బండి మీద పదింతలు లేచి కూర్చుంటుంది. వాల్యూమ్ పెరిగేకొద్దీ అడుగు స్వరాలు మిగతావాటికంటే త్వరగా లావెక్కుతాయి. ఇప్పుడు మిక్స్‌లో అడుగు పనిని ఆదివారం మధ్యాహ్నానికి పెట్టుకుంటాను. వీధిలో ఎలాగూ ఎవరో ఒకరి మైకు ఉంటుంది, నా మీద ఎవరికీ కోపం రాదు.

బండి సంగతి కూడా కొంచెం చెప్పాలి. డీజే బండ్ల మీది బేస్ బాక్సులు చాలావరకు రంధ్రమున్నవి. బాక్సు లోపలి గాలి, రంధ్రం కలిసి ఒక స్వరం దగ్గర గట్టిగా పలికేలా తయారుచేస్తారు. గట్టిగా పలికేదేదైనా వెంటనే ఆగదు. ఆ స్వరం చుట్టుపక్కల బాక్సు తన వంతుగా ఇంకొంచెం సాగదీస్తుంది. నేను కంప్యూటర్‌లో వదిలిన చిన్న ఖాళీ అక్కడ పూడిపోయేది అందుకే. ఆ స్వరానికి బాగా కిందికి పోతే ఇంకో బాధ. స్పీకర్ కోన్‌ను పట్టి ఉంచే గాలి బలం పోయి, చప్పుడు రాకుండా ఊరికే ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కరెంటు తింటుంది, కాయిల్ వేడెక్కుతుంది, వినిపించేది సున్నా. అందుకే 30 హెర్ట్జ్ కింద ఉన్నదంతా నేనే కోసి పంపుతాను. బండివాళ్ల ప్రాసెసర్‌లో ఎలాగూ కోస్తారులే అనుకోవడం వాళ్ల స్పీకర్లతో జూదమాడటమే.

ఫేజ్, అంటే అల ఏ దశలో ఉందనే దాని గురించి రెండు మాటలు. కిక్ తోక, బేస్ మొదలు ఎంతో కొంత కలిసే చోట రెండు అలలూ ఒకే దిక్కున లేస్తే 6 డెసిబెల్స్ దాకా కూడుతాయి, ఎదురెదురుగా లేస్తే ఒకదాన్నొకటి మింగేస్తాయి. బేస్ ఛానల్‌లో అలను తలకిందులు చేసే పొలారిటీ బటన్ ఒకసారి నొక్కి చూడండి, ఏది లావుగా ఉంటే అది ఉంచండి. ఇందులో ఒక మెలిక ఉంది. సింథ్‌లో అలను పుట్టించే ఆసిలేటర్‌ను స్వేచ్ఛగా వదిలేస్తే ప్రతి స్వరం అలలో ఎక్కడో ఒకచోట మొదలవుతుంది. ఒక దెబ్బ లావుగా, ఒక దెబ్బ సన్నగా పడుతుంది, కారణం మాత్రం దొరకదు. ప్రతి నోటుకూ ఫేజ్ మొదటి నుంచి మొదలయ్యేలా పెట్టుకోవాలి. ఇది తెలియక నేను ఒక వారం వెలాసిటీలు (ఒక్కో స్వరం ఎంత గట్టిగా పడాలో చెప్పే అంకెలు) సరిచేస్తూ కూర్చున్నాను.

ఫోన్ స్పీకర్లో 50 హెర్ట్జ్ రానే రాదు. మన పాటను ముందు వినేది ఫోన్లోనే, వాట్సాప్ స్టేటస్‌లో. బేస్‌కు కొంచెం శాచురేషన్ (అలను కాస్త గరుకు చేయడం) వేస్తే 100, 150, 200 హెర్ట్జ్‌ల దగ్గర దాని పిల్లలు పుడతాయి. ఆ పిల్లల్ని విని తల్లి ఉందని మెదడు ఊహించుకుంటుంది. కిక్‌కు ముందున్న క్లిక్ అక్కడ పనికొస్తుంది. అంతకుమించి ఫోన్ కోసం కిక్ నిడివి మార్చకండి.

ఇదంతా ఒక ఎత్తు, పాడినవాళ్ల సంగతి ఒక ఎత్తు. నా అసలు కడుపుమంట ఇక్కడే ఉంది. జానపద పాటలో ప్రాణం మాటల్లో ఉంటుంది. పాడే అక్క గొంతులో ఒక దీర్ఘం, ఒక విరుపు, ఒక ఎత్తిపొడుపు. డిజిటల్‌లో చోటు సున్నా డెసిబెల్స్ దాకానే. కిక్, బేస్ రెండూ ఒకదాని మీద ఒకటి పడి కూడినప్పుడు ఆ చోటంతా అవే తింటాయి. ఆ హద్దు దాటకుండా చివర్లో పెట్టిన లిమిటర్ ఏం చేస్తుంది? మొత్తం పాటను నొక్కుతుంది. అందులో గొంతూ ఉంది. దెబ్బ పడ్డప్పుడల్లా అక్క గొంతు నీళ్లలో మునిగి తేలినట్టు వినిపిస్తుంది. ఈ మధ్య వచ్చే రోడ్ షో మిక్స్‌లు చాలావాటిలో మాటలు అర్థం కాకపోవడానికి ఇదీ ఒక కారణం. "బేస్ పెంచు, బేస్ పెంచు" అనే పోటీలో బలయ్యేది బతుకమ్మ పాట పాడిన మనిషి. పైగా ఆ పోటీ వల్ల వచ్చేది కూడా ఏమీ లేదు. యూట్యూబ్ ఎంత గట్టి పాటనైనా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట సగటు గట్టిదనాన్ని కొలిచే కొలత) దగ్గరికి దించేస్తుంది. నలిగిపోయిన పాట నలిగినట్టే, మెల్లగా మోగుతుంది. బండి మీదేమో, మనం ఎంత పెట్టినా డీజే అన్న బేస్ నాబ్ ఎలాగూ తిప్పుతాడు. తిప్పడానికి ఆయనకు చోటు వదలాలి.

హైదరాబాద్‌లో టెక్నో చేసే నా దోస్త్ ఒకడు ఈ వాదన విని నవ్వాడు. "నీది తీన్మార్ కాబట్టి వంతులు కుదిరినయ్. మా దాంట్ల బేస్ ఆగదు, ఎనిమిది బార్లు ఒకే స్వరం పారుతనే ఉంటది. అప్పుడు ఎవరి వంతు అంటవ్?" అన్నాడు. ఒప్పుకున్నాను. బేస్ నదిలా పారే చోట సమయాన్ని పంచలేం, అక్కడ సైడ్‌చెయిన్ మందు కాదు, భోజనమే. స్వరాన్ని మార్చుకోవడమూ ఉంది. కిక్‌ను 60 హెర్ట్జ్ దగ్గరికి ఎత్తి, బేస్‌ను 45 దగ్గర ఉంచడం లాంటివి. కానీ వాడి ప్రాజెక్టే తెరిచి చూస్తే కిక్ 140 మిల్లీసెకన్లు. వాడి టెక్నోలో కిక్ వెనక వినిపించే గుడగుడ అసలు కిక్‌ది కాదు, దాని రివర్బ్‌ను (ప్రతిధ్వనిని) విడిగా తీసి, కోసి, కిక్ పడేచోట నోరు మూయించి వేసుకున్నది. తోకను కిక్ నుంచి తెంపి వేరే ఛానల్లో పెట్టుకున్నాడు. "నువ్వు చేసింది కూడా నిడివిని చేతిలోకి తీసుకోవడమే కదరా" అన్నాను. చాయ్ బిల్లు మాత్రం నేనే కట్టాను.

ఒక చోట నాకు ఇంకా తెగలేదు. రికార్డు చేసిన డప్పులో కూడా అడుగు ఉంటుంది. దాన్ని కోస్తే డప్పు అట్టపెట్టె అవుతుంది, వదిలేస్తే మూడో మనిషి కూడా వంతు అడుగుతాడు. ప్రస్తుతానికి 120 హెర్ట్జ్ కింద మెల్లగా దించుతున్నాను. కిక్ లేని చోట మళ్లీ పూర్తిగా వదులుతున్నాను. అంతకంటే మంచి దారి ఉంటే చెప్పండి.

శ్రావణంలో పరకాల దగ్గర ఇంకో పెళ్లి. అదే డీజే అన్న. రాత్రి పదింటికల్లా మైకు ఆపాలని ఎస్సై వచ్చి చెప్పి వెళ్లాడు, టైము తొమ్మిదిన్నర దాటింది, చినుకులు పడుతున్నాయి, బాక్సుల మీద టార్పాలిన్ కప్పుతారేమోనని నాకు ఒకటే టెన్షన్. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. పాత పాటే, కొత్త మిక్స్. కిక్ దిగే చోటు వచ్చేసరికి ఆయన చెయ్యి బేస్ నాబ్ మీదికి వెళ్లింది. తిప్పాడు. దెబ్బ దెబ్బగానే ఉంది. రెండు దెబ్బల మధ్య అక్క గొంతు వినిపించింది. బండి కింద ఒక ముసలాయన చేతిలో గొడుగు మూసి, దాన్నే చిర్ర పట్టుకున్నట్టు పట్టుకుని అడుగులేస్తున్నాడు.

నేను డీజే అన్న ముఖంలోకి చూశాను. ఆయన ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని తర్వాతి పాట వెతుక్కుంటూ అన్నాడు. "మంచిగున్నది తమ్మీ. గని ముందు మ్యూజిక్ మస్తు లాగినవ్. పాట తొందరగ రావాలె, లేకుంటే పోరగాళ్లు నిలవడరు."

ముందు మ్యూజిక్ 48 సెకన్లు ఉంది. ఈ ఆదివారం కోస్తాను.